మారిషస్ ద్వీపమున మన రుచియు, మన పలుకును



హిందూమహాసముద్రములో, మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున మారిషస్ అను దీవి కలదు. దాని వైశాల్యము 2,000 చదరపు కిలోమీటర్లకు లోపే. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరి వెనుక నొకరు దాని నేలిరి. 1968వ సంవత్సరమున అది స్వతంత్రమయ్యెను. నేను కొలది దినములు అచ్చట నుండి వచ్చితిని. అచ్చటి వంటలును, మనవారి పలుకును ఎట్లున్నవో మీకు విన్నవింతును.

మనవారు అంత దూర మేల పోయిరి? బ్రిటిషు రాజ్యములలో బానిసత్వము రద్దయినందున చెరకుతోటలకు కూలీలు కరవైరి. 1834 మొదలుకొని సుమారు నాలుగున్నర లక్షల భారతీయులు ఒడంబడికలు చేసికొని ఓడలెక్కిరి. వారిలో కళింగాంధ్ర, గోదావరి తీరముల తెలుగువారును గలరు. కోరంగి రేవు పేరుమీదుగా వారికి అచ్చట కోరంగివారను పేరు కలిగెను. పోర్టు లూయీ నగరమున వారు దిగిన చోటిని ఆప్రవాసీ ఘాట్ అందురు. 1849లో నెలకొల్పిన ఆ శిబిరపు రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఇక భోజనము మాట. పొలములు చెరకునకే చెల్లుటచే బియ్యము పరదేశములనుండి ఓడలపై రావలసినదే. వీధులలో దోల్ పూరీ అను నొక వంటకమును విరివిగా అమ్ముదురు. పచ్చబటానీ కాదు, పసుపురంగు బటానీల పప్పును ఉడికించి, పొడిచేసి, పసుపు, జీలకఱ్ఱ చేర్చి, పిండిలో పూర్ణముగా నుంచి, పలుచగా ఒత్తి కాల్తురు. బెల్లములేని బొబ్బట్టని తలంపుడు. రెండేసి చొప్పున, నడుమ గింజల కూరయు, పచ్చడియు నుంచి, చుట్టి చేతికిత్తురు. మన పప్పువడల వంటి వానిని ఫ్రెంచి మాటలతో గాతో పిమా అందురు; మిరపకాయ పిండివంట యని దాని యర్థము. చట్నీ అచ్చట సతిని యయ్యెను. మునగాకు బ్రెద్ మూరుమ్ అయ్యెను. పేర్లు మారినను రుచి మాఱలేదు. హిందువులు, మహమ్మదీయులు, చీనావారు, ఆఫ్రికా సంతతివారు ఎల్లరును వీనిని తమవిగనే తినుచున్నారు.

పలుకునకు మాత్రము అంతటి యదృష్టము లేకపోయెను. తోటలలో పలుజాతులవారితో మాటాడుటకు ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలు భాషయే ఆధారమయ్యెను. తరములు గడచినకొలది అది యింటిలోనికిని వచ్చెను. అట్లని మనవారు తెలుగును విడనాడలేదు. ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజలును, రామభజనలును జరుగుచున్నవి. ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు చెప్పుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగెను.

ఒక గ్రామమున నేను రామభజనకు పోయితిని. ఒక వృద్ధుడు దీపము చుట్టును అడుగులు వేయుచు, ఒక్క యక్షరము తప్పక పాడెను. భజన ముగిసిన పిమ్మట నా ప్రక్కన కూర్చుండి, క్రియోలులో ఏదియో అడిగెను. బడిలో తెలుగు చదువుకొన్న ఆతని మనుమరాలు, "దరి అనగా ఏమని తాత అడుగుచున్నాడు" అని చెప్పెను. "ఒడ్డు" అంటిని. ఆ పిల్ల క్రియోలులో చెప్పగా వృద్ధుడు కొంతసేపు మాటలేక యుండెను. తాతకు పాట వచ్చును, అక్షరము రాదు. మనుమరాలికి అక్షరము వచ్చును, పాట రాదు. ఇరువురి నడుమ నడచునది క్రియోలు.

పెద్దలారా! నేను జీవితమంతయు బడిలో అక్షరములు దిద్దించినవాడను. బడి అక్షరము నేర్పగలదు; పలుకుబడిని ఇల్లే నేర్పవలెను. దోల్ పూరీ ఏ పాఠశాలయు నేర్పకయే నిలిచినది. దినదినమును తినుటచేతనే నిలిచినది. భాషకును అదియే మార్గము. మీ మనుమలు భోజనమునకు కూర్చున్నప్పుడు విస్తరిలోని ప్రతి పదార్థమును దాని పేరుతో పిలిచి వడ్డింపుడు. పొలమునకు తీసికొనిపోయి పైరు పేరు, పనిముట్టు పేరు చెప్పుడు. మీకు వచ్చిన పాట పాడి, అర్థము చెప్పుడు. ఆ దీవివారు సముద్రము దాటి, కడుపునకై కష్టపడుచు, పలుకును జారవిడిచిరి. నేడు శ్రమపడి మరల నేర్చుకొనుచున్నారు. గడప దాటని మనము దానిని జారవిడుచుట తగునా?