అతుకు కనబడని అల్లిక

మార్గశిర మాసంలో కందకుర్తి రేవున తెల్లవారు జామున నిలబడితే చలి ఎముకలను తాకుతుంది. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. మహారాష్ట్రను దాటి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. నీటి మీది గాలి పొద్దెక్కేవరకు తగ్గదు. అందుచేత ఆ ఊరి అరుగుల మీద ఎండపొడ పడగానే ఊలు ఉండలు, సూదులు బయటికి వస్తాయి.

స్త్రీల కార్యక్రమం కోసం కొన్ని మాటలు ధ్వనిముద్రణ చేసుకొందామని ఒక చలికాలం నేను అక్కడికి వెళ్ళాను. ఒక పెద్దమ్మ ఏడాది వయసున్న మనుమరాలికి తాను అల్లిన పసుపుపచ్చని చొక్కాను తెచ్చి నా ఒడిలో పెట్టింది. అల్లిక చక్కగా ఉన్నది. వరుసలు ఎక్కడా వదులు కాలేదు, బిగుసుకోలేదు. “ఇంత మంచిగ అల్లిన, తొడిగితే పోరి ఒకటే ఏడుపు. ఊలు గుచ్చుకుంటుందని కోడలు అంటున్నది. ఇగ సూదులు ముట్టొద్దనుకున్న బిడ్డా” అన్నది. కళ్ళు సరిగా కనబడని వయసులో రెండు నెలలు కష్టపడి చేసిన పని అది. ఆమె గొంతులో నిష్ఠూరం కంటె సిగ్గే ఎక్కువగా వినబడింది నాకు.

చొక్కాను తిరగవేసి చూశాను. దోషం ఊలుది కాదు. ముందు భాగాన్నీ, వెనుక భాగాన్నీ, చేతులనూ కుట్టుమిషను దారంతో, మామూలు సూదితో, గుడ్డను కుట్టినట్లు రెండు అంచులనూ కలిపి చుట్టి కుట్టారు. చంకలో ఆ అతుకు చిటికెన వేలంత లావున గట్టిపడి ఉన్నది. ఊలు సాగుతుంది, మిషను దారం సాగదు. పసిబిడ్డ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ గట్టు లేత చర్మాన్ని ఒరుసుకొంటున్నది. సంగతి చెప్పగానే ఆమె, “అల్లుడు వచ్చింది గని, కలుపుడు రాలే” అన్నది. నిజామాబాదు ప్రాంతపు మాటలో అల్లడాన్ని అల్లుడు అంటారు. పక్కనున్న కోడలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమెకు ఏ అల్లుడు గుర్తుకు వచ్చాడో నేను అడగలేదు.

ఈ కలుపుడు గురించే నేడు నాలుగు మాటలు. మన ఇళ్ళలో అల్లిక నేర్పేవారు సీదా, ఉల్టా నేర్పుతారు, గళ్ళు తగ్గించడం, పెంచడం నేర్పుతారు. ఉర్దూ పలుకుబడి గల ఇళ్ళలో గడిని ఫందా అనీ, సూదిని సలాయీ అనీ అంటారు. ఎవరు ఏ పేరుతో నేర్పినా, ముక్కలు పూర్తికాగానే “ఇక కుట్టుకోవడమే” అని లేచిపోతారు. నా అనుభవంలో చెడిపోయిన స్వెట్టర్లలో ఎక్కువ భాగం ఆ “ఇక”లోనే చెడిపోయాయి.

అతకడానికి ముందు ముక్కలను తడపవలెను. ఈ పని చాలామంది మానివేస్తారు. గోరువెచ్చని నీటిలో కొంతసేపు నాననిచ్చి, పిండకుండా, తువాలులో చుట్టి అదిమి, చదునైన చోట పరచి, తుప్పుపట్టని గుండుసూదులతో కొలతకు సరిగా నిలిపి, నీడలో ఆరనివ్వాలి. అప్పుడు అంచుల ముడుచుకొనే గుణం తగ్గుతుంది. ముందు ముక్కా వెనుక ముక్కా ఒకే పొడవున ఉన్నాయో లేదో అప్పుడే తేలుతుంది. కొలతతో పాటు వరుసలు కూడా లెక్కపెట్టండి. ఒకటి రెండు వరుసల తేడా ఉంటే కుట్టేటప్పుడు సర్దుకోవచ్చును. ఏడెనిమిది వరుసలు తేడా వస్తే సర్దడం కాదు, విప్పడమే మార్గం. పొట్టి ముక్కను సాగదీసి పొడుగు ముక్కకు కుడితే ఆ వస్త్రం జీవితాంతం ఒక పక్కకు ఒరిగే ఉంటుంది.

సూది మొన మొద్దుగా ఉండాలి. మొనదేలిన సూది పోగును చీల్చుకొంటూ పోతుంది. దారం మాత్రం అల్లిన ఊలే. ఆ ఊలు మరీ లావైతే పురి విప్పి రెండు పోగులు వాడవచ్చును. మూరెడు దారం చాలు. బారెడు దారం తీసుకొంటే పలుమార్లు ఒరుసుకొని ఊలు పీచుగా మారుతుంది.

ఇక పక్కల అతుకు. గుడ్డను కుట్టేటప్పుడు మంచి వైపులు రెండూ లోపలికి పెట్టి కుడతాము. ఇక్కడ అలా కాదు. రెండు ముక్కలనూ మంచి వైపు పైకి ఉండేటట్లు పక్కపక్కనే పరచుకోండి. అంచున ఉన్న గడిని, దాని పక్క గడిని వేళ్ళతో కొంచెం ఎడంగా లాగి చూడండి. నడుమ అడ్డపోగులు నిచ్చెన మెట్ల మాదిరిగా ఒకదానిపై ఒకటి కనబడతాయి. కుడి ముక్కలో ఒక మెట్టు కింది నుంచి సూది పోనివ్వండి. తరువాత ఎడమ ముక్కలో దానికి ఎదురు మెట్టు. మళ్ళీ కుడి వైపున, ఇంతకుముందు సూది పైకి వచ్చిన చోటనే దించి, పై మెట్టు. ఇట్లా ఐదారు మెట్లు ఎక్కేవరకు దారాన్ని వదులుగానే ఉంచండి. ఆ పైన దారాన్ని అతుకు సాగే దిక్కునకే మెల్లగా లాగండి. రెండు అంచులూ ఒకదానినొకటి వెతుక్కొంటూ వచ్చినట్లు దగ్గరై, నిచ్చెన మాయమవుతుంది. మొదటిసారి చూచినవారు తప్పక మళ్ళీ లాగి చూస్తారు. పెద్దమ్మ కూడా అదే చేసింది. సన్నని ఊలైతే ఒకేసారి రెండేసి మెట్లు తీసుకోవచ్చును. లావు ఊలుకు ఒక్కొక్కటే. ప్రతి రెండంగుళాలకు ఒకసారి అతుకును చేతులతో సాగదీయండి. అల్లిక సాగినంత మేర అతుకూ సాగాలి, లేకపోతే ఏనాటికైనా తెగుతుంది.

భుజం సంగతి వేరు. వస్త్రం బరువంతా అక్కడే వేలాడుతుంది కాబట్టి ఆ అతుకు కొంత గట్టిగా ఉండడమే మంచిది. గళ్ళను ముగించకుండా రెండు సూదుల మీద అలాగే ఉంచి, మంచి వైపులు లోపలికి పెట్టి, మూడవ సూదితో ముందు గడినీ వెనుక గడినీ కలిపి ఒకటిగా అల్లుతూ ముగిస్తే దారమూ సూదీ అక్కరలేదు, అతుకూ నిలుస్తుంది. దీనికి విరుద్ధమైనది మేజోడు కాలివేళ్ళ దగ్గరి అతుకు. అక్కడ చిన్న గట్టు ఉన్నా బూటులో పుండు పడుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో సైనికులకు లక్షలాది మేజోళ్ళు ఇళ్ళలో అల్లి పంపేవారు. ఆనాటి యుద్ధమంత్రి కిచెనర్ ప్రభువు పేరు నేటికీ ఒక అతుకుకు నిలిచి ఉన్నది. ముగించని గళ్ళను సూదితో ఎదురెదురుగా కలుపుతూ నడుమ ఒక కొత్త వరుస అల్లినట్లే కనబడేటట్లు చేసే కూర్పు అది. ఆయన స్వయంగా అల్లాడని నేను అనుకోను!

చేతిని మొండేనికి కలిపేటప్పుడు చిన్న లెక్క అవసరం. చేతి పై అంచున గళ్ళు ఉంటాయి, మొండెం పక్కన వరుసలు ఉంటాయి. గడి వెడల్పు వరుస ఎత్తు కంటె ఎక్కువ. నాలుగంగుళాలకు 22 గళ్ళు, 30 వరుసలు వచ్చే అల్లికలో మూడు గళ్ళకు ఇంచుమించు నాలుగు వరుసలు సరిపోతాయి. ఒకటికి ఒకటి కలుపుకొంటూ పోతే చెయ్యి ముందే అయిపోతుంది. చేతి నడిమి భాగాన్ని భుజపు అతుకుకు చేర్చి గుండుసూది గుచ్చుకొని, అక్కడి నుంచి ఇటూ అటూ దిగడం తేలిక.

క్రోషే అతుకుల దగ్గరికి వస్తే, కందకుర్తి నుంచి అదే గోదావరి వెంబడి సముద్రం దాకా పోవలసి ఉంటుంది. వశిష్ఠ పాయ ఒడ్డున నర్సాపురం. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ దుప్పటి గాని, బల్లగుడ్డ గాని ఒకే చేతిలో పుట్టదు. పూవులు, చక్రాలు అల్లడం చేతిపని. వాటిని కూర్చి వస్తువుగా చేయడం అతుకుపని. ఈ రెండింటికీ వేరువేరు స్త్రీలు ఉంటారు. జర్మను విదుషి మరియా మీస్ 1970ల చివర అక్కడ పరిశీలన జరిపి 1982లో వెలువరించిన పుస్తకంలో ఈ పని విభజననంతా వివరించింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ పని చేసే స్త్రీలను ఊరిలో ఇల్లాండ్రుగానే లెక్కించారు, శ్రామికులుగా కాదు. తీరిక వేళల వినోదమనే పేరు పెడితే కూలి తగ్గించడం సులభమవుతుంది గదా. విదేశాలలో ఆ దుప్పటిని కొన్నవారికి పూలు కనబడతాయి. పూలను పట్టి ఉంచిన దారం కనబడదు. కనబడితే సరుకు తిప్పి పంపుతారు.

నిజాంసాగరు కాలువలు పారిన తరువాత బోధను, వర్ని పరిసరాలకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారి ఊళ్ళను నేటికీ క్యాంపులంటారు. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. వర్ని సమీపాన ఒక క్యాంపులో, పశ్చిమ గోదావరి నుంచి కోడలుగా వచ్చిన ఒక అక్కగారు నాకు అతుకుపని చూపించింది. పూవు చివరి చుట్టులో అంచున ఐదు గొలుసుల విల్లు వస్తుందనుకొందాం. ఆమె రెండు గొలుసులు వేసి, పక్క పూవు విల్లులో కొక్కెం దూర్చి జారుకుట్టుతో పట్టి, మళ్ళీ రెండు గొలుసులు వేసి తన దారిన సాగిపోయింది. మూడవ గొలుసు ఉండవలసిన చోట పొరుగు పూవు చెయ్యి పట్టుకొన్నది. వేరే దారం లేదు, వేరే కుట్టు లేదు. “ఇది సూదితో కుడితే ఉతుకులో తెలిసిపోతుందండీ” అన్నది. చతురస్రపు ముక్కలనైతే ఒకదానినొకటి ఆనించి వెనుక పోగులను మాత్రమే పట్టి చుట్టుకుట్టు వేస్తుంది. ముందు పోగులు రెండు వైపులా సన్నని గీతలుగా నిలిచి, అది వేరే అలంకారమేమో అనిపిస్తుంది. కొక్కెంతో మామూలు కుట్టు వేసి కలిపితే గట్టు లేస్తుంది. అది దుప్పటికి అందమే, పసిబిడ్డ చొక్కాకు పనికిరాదు.

కొసల విషయం ఒకటి ఉన్నది. ముడి వేయకండి. ముడి నేడు కాకపోతే రేపు మంచి వైపుకు పొడుచుకొని వస్తుంది. జానెడు కొస వదిలి, దానిని అతుకు వెంబడే కొంత దూరం పోనిచ్చి, వెనుకకు తిప్పి మళ్ళీ కొంత పోనివ్వండి. నూలు దారం ఊలు కంటె జారుతుంది కాబట్టి దానికి ఈ తిప్పడం తప్పనిసరి.

ఆ ఉదయం పెద్దమ్మ ఇంట్లో మిషను దారాన్ని ఒక్కొక్క కుట్టే కత్తిరించి తీశాము. ఊలు తెగకుండా చూచే పని కోడలిది, ఆమె కళ్ళు మంచివి. అల్లగా మిగిలిన పసుపు ఊలుతో ఒక పక్క నేను అతికాను, రెండవ పక్క పెద్దమ్మే అతికింది. మెట్లు కళ్ళకు ఆనకపోయినా వేలికొసకు తగులుతున్నాయి ఆమెకు. కళ్ళు మూసుకొని చేసినా తప్పలేదు. తొడిగిన తరువాత బిడ్డ కాసేపు అనుమానంగా చూచి, చెయ్యి ఎత్తి నా యంత్రపు తీగను పట్టి లాగింది. నేను బయలుదేరబోతుంటే పెద్దమ్మ ఆపింది. “కొస ఏడ దాచినవో ఒకసారి చూపియ్యి బిడ్డా. వచ్చే ఏడు విప్పి పక్కలకు రెండేళ్ళ పట్టీ వేస్త” అన్నది.