పని ఆగదు, నడకా ఆగకూడదు
(ప్రసంగ పాఠం)



గాజువాక నిద్రపోని ఊరు. ఉక్కు కర్మాగారంలో కొలిమికి ఆదివారం లేదు. పండగ లేదు. అది రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. అందుకే అక్కడ మూడు షిఫ్టులు. ఒకప్పుడు పొద్దున్న డ్యూటీ. ఒకప్పుడు మధ్యాహ్నం డ్యూటీ. ఒకప్పుడు రాత్రి డ్యూటీ.

కర్మాగారం ఎలా తిరిగితే ఊరూ అలాగే తిరుగుతుంది. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే వాళ్ళున్నారు. షిప్‌యార్డులో వెల్డింగు చేసే వాళ్ళున్నారు. ఆటో నడిపే వాళ్ళున్నారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళున్నారు. కుట్టుమిషను ముందు కూర్చునే వాళ్ళున్నారు. కాంట్రాక్టు పని దొరికిన రోజే కూలి చూసే వాళ్ళున్నారు. వీళ్ళకి ఏ రెండు రోజులూ ఒకలా ఉండవు. డ్యూటీ మారుతుంది. అద్దె ఇల్లు మారుతుంది. పిల్లల బడి మారుతుంది.

ఇలాంటి వాళ్ళతో "రోజూ వ్యాయామం చెయ్యండి" అంటే ఏమంటారు? "బాగానే ఉంది! మాకు పడుకోడానికే తీరిక లేదు. ఇంక వ్యాయామం ఏటి?" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ మాటకి జవాబు వెతకడమే ఈ ప్రసంగం పని.

కూర్చున్న డ్రైవరు, మెట్లెక్కిన కండక్టరు

ముందు ఒక సంగతి వినండి. ఇది లండన్ నగరంలో జరిగింది. అక్కడ రెండంతస్తుల బస్సులు తిరిగేవి. ఒక్కో బస్సుకి ఇద్దరు మనుషులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇవ్వడానికి రోజంతా మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవారు, ఈ ఇద్దరి ఆరోగ్యాన్నీ పోల్చి చూశారు. 1953లో ఆ లెక్కలు అచ్చు వేశారు. ఒకే ఊరు. ఒకే బస్సు. కానీ గుండె జబ్బు డ్రైవర్లకి ఎక్కువ. కండక్టర్లకి తక్కువ.

కొందరు ఒప్పుకోలేదు. "డ్రైవర్లు ముందునుంచే లావుగా ఉన్నారేమో!" అన్నారు. మంచి ప్రశ్నే. ఆ ప్రశ్నని కూడా పరిశీలించారు. తరవాత ఎన్నో దేశాల్లో ఎంతోమంది ఇదే విషయాన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. కదిలే ఒంటికి మేలు జరుగుతుందనే తేలింది.

ఇప్పుడు గాజువాకలో చూడండి. ఆటో నడిపే అన్న లండన్ డ్రైవరు లాంటి వాడే. క్రేను మీద కూర్చునే వాడూ అంతే. కుట్టుమిషను ముందు కూర్చునే అక్కా అంతే. సాయంత్రానికి ఒళ్ళు హూనం అవుతుంది. కానీ గుండెకి పని పడదు. అలసట వేరు, వ్యాయామం వేరు.

మరి బస్తాలు మోసే మనిషి మాటేమిటి? అతని ఒంటికి కదలిక కావలసినంత ఉంది. కానీ ఆ కదలిక ఒక్కచోటే అరగదీస్తుంది. నడుము ముందుకే వంగుతుంది. భుజం ఒక పక్కే మోస్తుంది. అతనికి కావలసింది ఒళ్ళు వెనక్కి సాగదీయడం, చేతులు కాళ్ళు చాపుకోవడం, బాగా నిద్రపోవడం. అందరికీ ఒకే మందు పనికిరానట్టే, అందరికీ ఒకే వ్యాయామం పనికిరాదు.

ఎంత చెయ్యాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా కదలాలి. అంటే రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చేసినా చాలు. దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకి బలం ఇచ్చే పని చెయ్యాలి. గుంజీళ్ళు, బస్కీలు, గోడకి చేతులు ఆన్చి తోయడం లాంటివి. వీటికి మైదానం అక్కరలేదు. ఒక్క గది ఉన్న ఇల్లు చాలు.

చురుగ్గా అంటే ఎంత వేగం? గడియారం అక్కరలేదు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. కానీ పాట పాడబోతే ఆయాసం రావాలి. అదే సరైన వేగం.

పది నిమిషాలకి తక్కువ చేస్తే లెక్కలోకి రాదని అంతకుముందు చెప్పేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. ఐదు నిమిషాలూ లెక్కే. మూడు నిమిషాలూ లెక్కే. తీరిక లేని మనిషికి ఇది మంచి కబురు. అరగంట ఒక్కసారే దొరక్కపోతే ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. బస్సు ఒక స్టాపు ముందు దిగి నడిస్తే కొంత. మేడ మెట్లు ఎక్కితే కొంత. పిల్లని బడిలో దించి తిరిగొచ్చేటప్పుడు కొంత.

మొదలుపెట్టిన వాళ్ళు ఎందుకు మానేస్తారు?

మొదలుపెట్టడం కష్టం కాదు. విశాఖ జనానికి ఆ సంగతి బాగా తెలుసు. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. ముసలివాళ్ళు కూడా నడుస్తారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవం విశాఖలో జరిగింది. ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఆసనాలు వేశారు. ఒక్క రోజు ఉత్సాహానికి ఇక్కడ లోటు లేదు. మరునాడు ఏం జరుగుతుంది అన్నదే ప్రశ్న.

మరునాడు కూడా లేచే మనుషులు ఇదే ఊళ్ళో ఉన్నారు. అయ్యప్ప దీక్ష పట్టిన వాళ్ళని చూడండి. మామూలు రోజుల్లో ఏడైనా లేవని మనిషి 41 రోజులు తెల్లారకముందే లేస్తాడు. చన్నీళ్ళ స్నానం చేస్తాడు. డ్యూటీకీ వెళ్తాడు. భక్తి ఉంది, నిజమే. కానీ భక్తికి తోడు మూడు ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఒకటి, వేళ ఉంది. రెండు, తోడు ఉంది. పక్కింటి స్వామి లేస్తే ఈ స్వామీ లేస్తాడు. మూడు, గుర్తు ఉంది. మెడలో మాల ఉంది. అది రోజూ గుర్తు చేస్తుంది.

వేళ, తోడు, గుర్తు. ఏ మతం వాళ్ళయినా, ఏ పని వాళ్ళయినా, వ్యాయామానికి ఈ మూడూ పెట్టుకోవచ్చు.

వేళ: గంటకి కాదు, పనికి కట్టండి

"రోజూ పొద్దున్న ఐదింటికి నడవాలి" అని షిఫ్టు మనిషి అనుకుంటే ఏమవుతుంది? రాత్రి డ్యూటీ వచ్చేసరికి ఆ నియమం విరిగిపోతుంది. విరిగిన నియమాన్ని మళ్ళీ ఎత్తుకోవడానికి మనసు రాదు.

అందుకని గడియారాన్ని వదిలెయ్యండి. రోజూ ఎలాగూ చేసే ఒక పనిని పట్టుకోండి. దానికి నడకని కట్టండి. రాత్రి డ్యూటీ చేసిన మనిషి ముందు నిద్రపోవాలి. నిద్ర చంపుకుని నడవకూడదు. నిద్ర లేచాక, టీ తాగకముందు నడవాలి. పొద్దున్న డ్యూటీ వారంలోనూ లేచాక, టీకి ముందే. గంట మారింది. కానీ వరస మారలేదు. లేవడం, నడవడం, టీ. ఆటో అన్న అయితే స్టాండులో బేరం కోసం ఆగినప్పుడు దిగి నాలుగు అడుగులు వెయ్యొచ్చు. కుట్టుపని చేసే అక్క ఒక జాకెట్టు అయిపోగానే లేచి పది గుంజీళ్ళు తియ్యొచ్చు.

తోడు: ఒక్కరైతే సిగ్గు, నలుగురైతే ధైర్యం

ఆడవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు. "రోడ్డు మీద ఊరికే నడిస్తే జనం నవ్వుతారు." ఈ మాట కొట్టిపారేసేది కాదు. దీనికి మందు తోడే.

నెల్లూరు జిల్లా దూబగుంట కథ చాలామందికి తెలుసు. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడిలో కలిశారు. చదివారు, మాట్లాడుకున్నారు. కలిసి సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సారా కొట్టు ముందు నిలబడ్డ ధైర్యంలో పదో వంతు చాలు, వీధిలో నడవడానికి. ఒకే వీధి నుంచి నలుగురు బయల్దేరితే నాలుగో రోజుకి నవ్వేవాళ్ళు ఉండరు. పది రోజులకి వాళ్ళలో ఒకరు తోడు వస్తారు.

ఇంకో సంగతి ఉంది. ఇది మగవాళ్ళు వినాలి. అమ్మకి అరగంట దొరకాలంటే ఆ అరగంట పొయ్యి దగ్గర ఇంకెవరో ఉండాలి. పసివాణ్ణి ఇంకెవరో ఎత్తుకోవాలి. ఇంటివాళ్ళు ఆ అరగంట ఇవ్వకుండా "నువ్వు ఆరోగ్యం చూసుకో" అంటే అది వట్టి మాటే.

ఇంటి తోడు ఎంత పని చేస్తుందో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట చూపించింది. ఆమదాలవలస దగ్గర చిన్న పల్లె అది. అక్కడ పెరిగిన కరణం మల్లీశ్వరి బరువులెత్తడం నేర్చుకుంది. తల్లి వెన్నుతట్టింది. కోచ్ నీలంశెట్టి అప్పన్న నేర్పించాడు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. అందరూ 240 కిలోలు ఎత్తనక్కరలేదు. కానీ ఆడపిల్ల ఒళ్ళు బలంగా ఉండటం ఇంటికి గౌరవమే అని ఆ పల్లె తెలుసుకుంది.

గుర్తు: క్యాలెండరు మీద ఒక గీత

కిరాణా కొట్లో ఇచ్చిన క్యాలెండరు ఇంట్లో ఉంటుంది. దాని పక్కన ఒక పెన్సిలు దారంతో కట్టండి. రోజూ ఆ తేదీ గడిలో డ్యూటీ రాయండి. పొద్దున్న అయితే "ప". మధ్యాహ్నం అయితే "మ". రాత్రి అయితే "రా". ఆ రోజు నడిస్తే పక్కన ఒక గీత గియ్యండి.

నెల తిరిగాక ఆ కాగితాన్ని చదవండి. "మ" దగ్గర గీతలు నిండుగా ఉన్నాయి, "రా" దగ్గర ఖాళీలున్నాయి అనుకోండి. అప్పుడు తెలుస్తుంది, తప్పు బద్ధకానిది కాదు, రాత్రి డ్యూటీకి ఏర్పాటు సరిగ్గా లేదని. ఆ ఒక్కటి మార్చుకోవాలి. అక్షరం నేర్చిన చెయ్యి ఇలా తన ఆరోగ్యాన్ని తనే రాసుకుంటుంది, తనే చదువుకుంటుంది.

నిన్న మానేస్తే?

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. జ్వరం వస్తుంది. చుట్టాలు వస్తారు. సంక్రాంతికి ఊరెళ్తారు. వారం పోతుంది. "అంతా పోయింది, ఇంకెందుకు?" అనిపిస్తుంది.

ఈ విషయం మీద కూడా పరిశోధన జరిగింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. 2009లో ఫలితం చెప్పారు. ఒక కొత్త పని దానంతటదే జరిగే అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి. కొందరికి 250 రోజులు దాటుతుందని లెక్క తేలింది. ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. మధ్యలో ఒక్క రోజు మానేసినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

కాబట్టి ఒక రోజు తప్పితే బాధపడొద్దు. రెండో రోజు తప్పకుండా చూసుకోండి. మరీ వీలు కాని రోజున ఐదు నిమిషాలే చెయ్యండి. ఆ ఐదు నిమిషాలు ఒంటికి పెద్ద లాభం ఇవ్వకపోవచ్చు. కానీ దారి మూసుకుపోకుండా చూస్తాయి. అక్షరాలు నేర్చిన వాళ్ళకి ఇది కొత్త కాదు. పలక ముట్టని రోజులు ఎన్నో వచ్చాయి. మళ్ళీ కేంద్రానికి వచ్చిన వాళ్ళే చదవడం నేర్చారు.

కొన్ని జాగ్రత్తలు

జాతీయ రహదారి అంచున నడవొద్దు. అక్కడ లారీలు ఎక్కువ, దుమ్ము ఎక్కువ. లోపలి వీధి గానీ, బడి మైదానం గానీ చూసుకోండి. చీకట్లో లేత రంగు బట్టలు వేసుకోండి. ఎండాకాలం పొద్దెక్కకముందు గానీ, పొద్దు వాలాక గానీ నడవండి. మంచినీళ్ళు తాగండి. వాన పడితే ఇంట్లోనే గుంజీళ్ళు తియ్యండి.

బి.పి., షుగరు చప్పుడు లేకుండా వస్తాయి. ముందుగా దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి. నడుస్తుంటే గుండెలో నొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ వస్తే వెంటనే ఆగిపోండి. ఆసుపత్రికి వెళ్ళండి. వ్యాయామం చేస్తున్నాం కదా అని మందులు మానకండి.

అక్కలారా! అన్నలారా! పొలం ఉన్నవాడికి పొలం ఆస్తి. కూలి మనిషికి ఒళ్ళే ఆస్తి. అది మంచాన పడితే కూలి ఆగుతుంది. అప్పు మొదలవుతుంది. పిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. రేపటి నుంచి అరగంట కుదరకపోతే పది నిమిషాలతో మొదలుపెట్టండి. పక్కింటివాళ్ళని పిలవండి.

చర్చించండి
1. మీ రోజులో ఎన్ని గంటలు కూర్చుంటారు? ఎన్ని గంటలు కదులుతారు?
2. మీ వీధి దగ్గర భయం లేకుండా నడిచే చోటు ఏది?
3. మీ ఇంట్లో అమ్మకి అరగంట ఎవరు ఇవ్వగలరు?

చెయ్యండి
ఈ నెల క్యాలెండరులో మీ డ్యూటీ అక్షరం రాయండి. నడిచిన రోజు గీత గియ్యండి. నెల చివర కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.