నోరులేని మనిషి ముంగట కెమెరా



ఇప్పుడే 'అంకుర్' చూసి లైట్లు వేసుకున్నం. ఆఖర్ల పోరడు దొర ఇంటి కిటికీ మీదికి రాయి ఇసిరినప్పుడు వెనక బెంచీలల్ల చప్పట్లు గూడ పడ్డయి. ఇంటికి పొయ్యేదాక షబానా ఆజ్మీ గురించి మాట్లాడుకుంటం. మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ గురించి మాట్లాడుకుంటం. ఆ పల్లెను మన కండ్ల ముందు పెట్టినాయన పేరు మాత్రం టైటిల్సల్ల వచ్చి పోతది. ఆయన గోవింద్ నిహలానీ. ఇయ్యాల ఆ కెమెరామన్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

1940లో కరాచీలో పుట్టిండు. దేశ విభజనతోటి ఆ కుటుంబం ఇల్లు వాకిలి ఇడిసిపెట్టి ఉదయ్‌పూర్‌కు వచ్చింది. బెంగళూరు జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌ల కెమెరా పని చదివి 1962లో బయటికొచ్చిండు. ఆ తర్వాత వి.కె. మూర్తి దగ్గర అసిస్టెంట్. మూర్తి అంటే గురుదత్ సినిమాలకు వెలుగునీడలు దిద్దిన చెయ్యి. 'కాగజ్ కే ఫూల్' కోసం అద్దాలు పెట్టి బయటి ఎండను స్టూడియోలకు మలిపినాయన. గురువు ఎండను లోపటికి తెచ్చిండు, శిష్యుడు కెమెరా పట్టుకొని ఎండలకే పోయిండు.

1971లో మరాఠీల 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే', 1973లో కన్నడంల గిరీష్ కర్నాడ్ తీసిన 'కాడు'. 1974లో 'అంకుర్' వచ్చింది.

ఇందాక తెర మీద పొలాలు చూసిన్రు గదా. ఎంత పచ్చగున్నయి! మొదట్ల మాకు అది తప్పనిపించింది. ఆకలి కథకు ఇంత అందమెందుకని కొట్లాడుకున్నం. రెండోసారి చూసినంక అర్థమైంది. పొలం పచ్చగనే ఉంటది, అది ఎవరిదన్నదే లెక్క. ఆ పచ్చదనం నడుమ కిష్టయ్య నిలబడతడు. చెవులు వినరావు, నోరు లేదు. పనడుగుదామని వస్తుంటే దొర కొడుకు కొట్టవస్తున్నడనుకొని బెదురుతడు, కొరడా అందుకుంటడు. కిష్టయ్యకు ఒక్క డైలాగు లేదు. ఆయన గోస మనకెట్ల తెలిసింది? కెమెరా ఆయన మొఖం మీది నుంచి తప్పుకోలేదు కాబట్టి తెలిసింది. మన మాటను హాస్యగానికి, రౌడీకి అంటగట్టిన సినిమాలు చూసి పెరిగినోళ్లం మనం. మన మనిషిని నవ్వులపాలు చెయ్యకుంట చూసిన కన్ను ఎట్లుంటదో ఇండ్ల చూసినం.

మిగతావి గబగబ చెప్త. 1975లో 'నిశాంత్', అదీ తెలంగాణ దొరల కథే. 1976లో గుజరాత్ పాల రైతులు తలా రెండు రూపాయలేసుకొని తీయించిన 'మంథన్'. 1977లో 'భూమిక'. 1978లో వాణిశ్రీ, అనంత్ నాగ్‌లతోటి తెలుగుల 'అనుగ్రహం'. ఇవన్నీ బెనెగల్ సినిమాలే. 'జునూన్'కు కెమెరామన్‌గ జాతీయ అవార్డు వచ్చింది.

1980లో తానే డైరెక్టరయి 'ఆక్రోశ్' తీసిండు. కెమెరా గూడ తనదే. అండ్ల కథ ఒక ఆదివాసీది. భార్యను చంపిండని అతని మీద కేసు. కోర్టుల, జైలుల, తన వకీలు ముందట గూడ నోరిప్పడు. ఓంపురి కండ్లతోటే సినిమా నడుస్తది. కిష్టయ్యకు మాట రాదు, ఈయనకు వచ్చి గూడ మాట్లాడడు, మాట్లాడితే ఎవరు వింటరని. మొదటి సినిమాకు నిహలానీ ఈ కథనే ఎందుకు పట్టుకున్నడంటే, మా లెక్కల ఆరేండ్ల కింద మన పల్లెల చూసిన ఆ మూగ మొఖం ఆయనను ఇడిసిపెట్టలేదు. ఆయన చెప్పలేదు, ఇది మేమనుకునే మాట.

1988లో దూరదర్శన్ కోసం 'తమస్' తీసిండు. విభజన రోజులల్ల ఇండ్లు కాలి, ఊర్లిడిసిన జనం కథ. చిన్నప్పుడు తానూ అట్లనే ఊరిడిసినోడు. ఆ సినిమాకు కెమెరా దగ్గర నిహలానీ ఒక్కడే లేడు, గురువు మూర్తిని గూడ పిలుచుకున్నడు. ఇరవై ఆరేండ్ల కింద చదువు ముగించుకొని వచ్చిన పోరడు ఇప్పుడు డైరెక్టరు, గురువు ఆయన సినిమాకు కెమెరామన్!

వచ్చేసారి ఇక్కడనే 'ఆక్రోశ్' చూద్దాం. ముందుగాల్ల వచ్చి టైటిల్స్ గూడ చదువున్రి.