పాత పెన్‌డ్రైవు – కంప్యూటరుకు నాడీపరీక్ష
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



నేడు పెక్కు ఇండ్లలో రెండు వస్తువులు మూలబడి యున్నవి. ఒకటి పిల్లలు వాడి విడిచిన పాత పెన్‌డ్రైవు. రెండవది "ఇక పనికిరాదు" అనిపించుకొన్న కంప్యూటరు. మొదటిదానితో రెండవదాని రోగమును గుర్తింపవచ్చునని మనవి చేయుటకే మేము ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

కంప్యూటరు నిలిచిపోవుటకు కారణము ఒక్కటే కాదు. ర్యామ్ అను జ్ఞాపక పలక చెడవచ్చును. ఫైళ్ళను దాచు డిస్కు చెడవచ్చును. లేదా యంత్రము చక్కగనే యుండి విండోస్ మాత్రమే పాడై యుండవచ్చును. ఈ మూడింటికిని చికిత్స వేరు, వ్యయము వేరు. డిస్కులోని విండోసే లేవలేనప్పుడు లోపలి సంగతి తెలిసికొనుటకు బయటి వైద్యుడు కావలెను. పెన్‌డ్రైవే ఆ వైద్యుడు. యంత్రము తన డిస్కుపై ఆధారపడక, దానినుండియే మేల్కొనగలదు.

4 జీబీ పెన్‌డ్రైవు చాలును. అందున్నవన్నియు చెరిగిపోవును గనుక, ముందుగా వానిని వేరొకచోట భద్రపరుపవలెను. బాగుగా నడచుచున్న మరొక కంప్యూటరు సాయమున వెంటాయ్ అను ఉచిత సాధనమును దానిపై స్థాపించి, మెమ్‌టెస్ట్86 ప్లస్, సిస్టమ్‌రెస్క్యూ అను వాని ఐఎస్ఓ ఫైళ్ళను అందులో చేర్చవలెను. పిదప దానిని చెడిన యంత్రమునకు తగిలించి, మీట వేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ మొదలగు వానిలో ఆ యంత్రమునకు తగినది నొక్కి, పెన్‌డ్రైవును ఎన్నుకొనవలెను.

మొదట మెమ్‌టెస్టును రాత్రియంతయు నడువనిండు. తప్పు ఒక్కటి కనబడినను ర్యామును అనుమానింపవలసినదే. రెండు పలకలున్నచో ఒక్కొక్కదానిని విడిగా పరీక్షింపుడు. తరువాత సిస్టమ్‌రెస్క్యూలో స్మార్ట్‌సీటీఎల్ అను ఆజ్ఞ నిచ్చినచో, డిస్కు తన్ను గూర్చి తాను వ్రాసికొన్న లెక్క బయటపడును. చదువరాని భాగముల సంఖ్య నానాటికి పెరుగుచున్నచో ఆ డిస్కును నమ్మరాదు. అప్పుడు మరమ్మతు తలపెట్టక, ముందు పిల్లల ఫోటోలను, పత్రములను వేరొక డిస్కునకు చేర్పుడు. డిస్కు మరల కొనవచ్చును, ఫోటో కొనరాదు.

రెండును నిర్దోషములైనచో తప్పు విండోస్‌దే కావచ్చును. దానిని తిరిగి స్థాపింపవచ్చును. లేదా ఉచితమైన లినక్స్‌తో ఆ యంత్రమునే పిల్లల చదువునకు వాడుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. డిస్కునకు బిట్‌లాకర్ తాళమున్నచో, దాని రికవరీ కీ దగ్గర నుంచుకొనకుండ సెక్యూర్ బూట్ అమరికను మార్పకుడు. కరెంటే అందని యంత్రమునకు, తెర వెలుగని యంత్రమునకు ఈ పరీక్ష ఉపకరింపదు.

మరమ్మతు దుకాణమునకు పోవలదని మేము చెప్పుట లేదు. ఈ ఫలితములను కాగితముపై వ్రాసికొని పొండు. "ర్యాములో తప్పు కనబడినది, చూడుడు" అని అడుగగల తండ్రి, "క్రొత్తది కొనుడు" అను ఒక్క మాటకే నెల జీతమును సమర్పించి రానక్కరలేదు. పై తరగతుల పిల్లలు ఈ పని చేయగలరు. వచ్చు సెలవులలో వారిచే చేయించి, మీరును ప్రక్కన కూర్చుండి చూడుడని మా ప్రార్థన.