తుంటి సూది, పడిపోయే కాలు

వైద్యం చేయబోయి నరాలకు చేసే హానిలో దాదాపు పూర్తిగా తప్పించదగ్గది, తుంటి సూదితో శయాటిక్ నరం దెబ్బతినడం. బొటనవేలంత లావున్న ఈ నరం పిరుదు లోతున దిగి కాలిలోకి సాగుతుంది. సూదిమొన దాని పోగుల్లో దిగి మందు అక్కడే పడితే, కాలి పొడవునా కరెంటు కొట్టినట్టు నొప్పి లేస్తుంది. తర్వాత పాదం పైకి లేవదు. నడిస్తే బొటనవేలు నేలకు రాసుకుంటుంది, ఆ కాలికి చెప్పు నిలవదు. జ్వరం కాలికి దిగిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. బక్కపిల్లలకు, చిక్కిపోయిన వృద్ధులకు సూదికీ నరానికీ మధ్య కండ తక్కువ, ముప్పు ఎక్కువ.

పిరుదును నాలుగు భాగాలుగా ఊహించి, పైన బయటి భాగంలో పొడవడం పాత పద్ధతి. బల్లకు ఆనుకుని, బట్ట కాస్త జరిపి నిలబడ్డ రోగికి ఆ నాలుగు భాగాలు లెక్కించే వీలెక్కడ? అంతకన్నా భద్రమైనది తుంటి పక్కభాగం. తొడ ఎముక పైబుడిపె మీద అరచేయి ఆనించి, చూపుడువేలు తుంటి ఎముక ముందుకొన మీద పెట్టి, మధ్యవేలు వెనక్కి చాచాలి. ఆ రెండు వేళ్ల సందున పెద్ద నరం లేదు. పసిపిల్లలకైతే తొడ ముందు-బయటి కండ. టీకాలు వేసే ఏఎన్‌ఎంకు ఇది కంఠతా వచ్చు. పట్టా కొత్తగా చేతికొచ్చిన డాక్టరుగారికే వేళ్లతో కొలవడం నామోషీ!

అసలు బెంగ చోటు గురించి కాదు, అక్కర్లేని సూది గురించి. మింగగలిగిన రోగికి డైక్లోఫెనాక్ మాత్రగా ఇవ్వొచ్చు. సూది వేయనివాడు డాక్టరే కాదన్న నమ్మకం రోగికి పుట్టుకతో రాలేదు, వేసీ వేసీ డాక్టర్లు అలవాటు చేసిందే. నెపం మాత్రం ఆర్‌ఎంపీ మీద.

నొప్పి కాల్లోకి పాకిందని రోగి అరిస్తే, మందు సగంలో ఉన్నా సూది తీసేయాలి. "కాస్త ఓర్చుకో" అనే సముదాయింపు అక్కడ పనికిరాదు. తెగిన పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. పెద్దవాళ్లలో మోకాలి కింది కండ దాకా 50 సెంటీమీటర్లనుకున్నా 500 రోజులు. అందాకా చీలమండ బిగుసుకోకుండా స్ప్లింటు, ఫిజియోథెరపీ అవసరం. మూడు వారాలు దాటాక నరాల పరీక్ష చేయించాలి. నెలలు గడిచినా కదలిక లేకపోతే సర్జన్‌కు చూపించాలి. కేసుషీటులో మందు, వైపు, వేళ రాయాలి. 15 ఏళ్లలోపు పిల్లలకు కాలు హఠాత్తుగా పడిపోతే, సూదే కారణమని తోచినా పోలియో నిఘా విభాగానికి తెలిపి, 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మలం నమూనాలు పంపాలి.