సామర్లకోట సారాబట్టీ

కైకలూరు, ఆకివీడు ప్రాంతముల శ్రోతలకు తాటిచెట్టును గురించి చెప్పబూనుట సాహసమే. కాలువగట్టున, పొలముగట్టున అది మనకు నిత్యపరిచితము. గెలనుండి దింపిన రసము సున్నము పూసిన కుండలో ఉన్నచో బెల్లమగును; సున్నము లేనిచో పొద్దెక్కకముందే కల్లగును. ఈ చిన్న భేదము మీదనే వెనుకటికొక పెద్ద కర్మాగారపు చరిత్ర నడచినది.

పంతొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో, ప్యారీ కంపెనీవారి సంబంధముతో, దక్కను షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ సామర్లకోటయందు చక్కెర శుద్ధిచేయు యంత్రములను, సారాబట్టీని నెలకొల్పినది. ఒకవైపు గోదావరి కాలువ, మరొకవైపు రైలుదారి. సరుకు రాకపోకలకు లోటు లేదు. మండలములోని తాటిబెల్లము అక్కడికి చేరెడిది. దానిని కరగించి చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి సారా దింపెడివారు. ఊరూరి చిన్న బట్టీలకంటె ఒకే పెద్ద బట్టీనుండి పన్ను రాబట్టుట సర్కారువారికి సులభము. కంపెనీ పేరులోని ‘అబ్కారీ’ అను మాటకు అర్థమదియే.

స్కాట్లండు దేశమున ఐలా దీవిలో పోర్ట్ ఎలెన్ అను విస్కీ బట్టీ 1825లో పుట్టి, 1983లో మూతపడి, 2024లో మరల తెరువబడినది. నడుమ నలుబది యేండ్లు, పీపాలలో మిగిలిన విస్కీని జనులు ఎంతో వెలపెట్టి కొనిరి. అక్కడి చట్టము ప్రకారము విస్కీ కనీసము మూడేండ్లు పీపాలో మాగవలెను. మన సారాకు ఆ యోగము లేదు. నాటి కూలి నాడే దానికి సమర్పణ. దాచుకొన్నవారెవ్వరు?

కనుకనే బట్టీ మూతపడినదన్నచో అక్కడ విచారింతురు. ఇక్కడ ఇల్లాండ్రు దీపము వెలిగింతురు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది, పిదప సడలినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది.

అయినను మేము గీతకార్మికుని మరువజాలము. సామర్లకోటలో తాటిబెల్లపు స్థానమును చెరకు ఆక్రమించినది; ఈ శతాబ్దిలో ఆ చెరకు గానుగలును ఆగినవి. బెల్లము కొనువారు తగ్గినకొలది చెట్టెక్కువానికి సున్నము లేని కుండయే దిక్కగును. అతనిని నిందించుటకు ముందు, మన వంటింట తాటిబెల్లము ఉన్నదో లేదో ఒక్కసారి చూచుకొందము.