పదవ తరగతి పిల్లలు, వారి జట్టు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)

మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేయుచున్నాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఎందుకు ఆగినదో తెలిసినవారము గనుకనే కార్యదర్శిగారు మమ్ము పిలిచినారు కాబోలు.

2006లో ఇదే బెంగుళూరులో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయినాము. మా జట్టు నలుగురు. ముగ్గురు పి.యు.సి.లో సైన్సు తీసుకొన్నారు. లెక్కలలో అత్తెసరు మార్కులు వచ్చిన మేమూ వారి వెంట సైన్సు ఫారమే నింపినాము. నాన్నగారికి కన్నడ ఫారము చదువ రాదు. అనంతపురం నుండి పెదనాన్నగారు "ఇంటరులో ఎం.పి.సి.లో చేర్పించు" అన్నారు. ఇక్కడ ఇంటరు లేదు, పి.యు.సి. ఉన్నదని ఆయనకు చెప్పుటకే ఎస్.టి.డి. బూతులో పది రూపాయలయినవి! నీకేమి ఇష్టమురా అని మమ్ము అడిగినవారు లేరు. ఏడాది తిరిగేసరికి ఫిజిక్సు, లెక్కలు తప్పినాము. మరల కాలేజీ గడప త్రొక్కలేదు.

తరువాత రైల్వేలో క్రింది మెట్టున చేరినాము. క్వార్టర్సులో ముగ్గురు తోటి పనివారు రాత్రిళ్ళు కూర్చుండి డిపార్టుమెంటు పరీక్షకు చదివేవారు. వారితో కూర్చున్నందుననే గుమాస్తా అయినాము. ముంచినదీ జట్టే, తేల్చినదీ జట్టే. కనుక "ఆ కుర్రాళ్ళతో తిరుగవద్దు" అని గదమాయించుట మాకు నచ్చదు. పైగా గదమాయిస్తే వింటారా?

మా అక్క కొడుకు ఈ ఏడు పదవ తరగతి. ఏమి చేరుతావురా అంటే "మావాళ్ళందరూ సైన్సే మామా" అన్నాడు. గుండె గుభేలుమన్నది. ఒక ఆదివారము వాని జట్టునంతా ఇంటికి పిలిచి, దోసెలు పెట్టి, ఒక్కొక్కరినీ విడిగా అడిగినాము: మిగిలినవారు లేకపోతే నీవేమి చదువుతావు? ఒకడు కామర్సు అన్నాడు. ఇంకొకడు పాలిటెక్నిక్ డిప్లొమా అని, "వాళ్ళకు చెప్పకండి, నవ్వుతారు" అన్నాడు. మావాడు అప్పుడు నోరు మెదపలేదు. రాత్రి ప్రక్క వేసుకొన్నాక, "లెక్కలంటే భయం మామా" అన్నాడు.

బడిలో పిల్లలకు దారి చెప్పేవారు ఉండవలెనని 1952-53 నాటి మొదలియార్ కమిషనే చెప్పినది. మీ పిల్లల బడిలో ఉన్నారేమో అడగండి. పి.యు.సి. రెండేళ్ళు, అందులో సైన్సే కాదు, కామర్సు, ఆర్ట్సు కూడా కలవు. డిప్లొమా మూడేళ్ళు. ఐ.టి.ఐ. ఉన్నది. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష ఏడాదిలో ఒకటికన్న ఎక్కువ మార్లు పెట్టుచున్నారు. తప్పినవారు వెంటనే మరల వ్రాయవచ్చును. బెంగతో నిద్రపట్టని పిల్లవానికి 14416 టెలి మానస్ ఉన్నది. 2022లో మొదలయినది, ఉచితము, తెలుగులోనూ మాట్లాడుతారు. మన ఊరి నిమ్హాన్సే దానికి పెద్దదిక్కు.

ఒక్క మనవి. ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారము ఈ హాలుకు పిల్లలను ఒంటరిగా కాక జట్లుగా తీసుకొని రండి. మనలో డిప్లొమా చదివినవారు, అకౌంట్సు చేసేవారు, ఐ.టి.ఐ. నుండి వచ్చినవారు ఉన్నారు, వారూ రావలెను. కన్నడ ఫారములు చదివి చెప్పుటకు మేము కూర్చుంటాము. మా మేనల్లుడు తన జట్టుతో వస్తానన్నాడు.